వేలిముద్ర లేని మిగ్

వెండిరంగు డబ్బా కొని చెక్కబొమ్మకి కుంచెతో పూసేస్తే విమానం అయిపోతుందనుకునే మహానుభావులు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళతో వాదించి వాదించి నోరు నొప్పెట్టి మానేశాను. రంగు వేసిన విమానం వేరు, వెయ్యని విమానం వేరు. రంగు కింద ఏమైనా దాచొచ్చు. చెక్క పగులు దాచొచ్చు, పుట్టీ దాచొచ్చు, చేతకానితనం దాచొచ్చు. ఉత్త లోహం ఏదీ దాచదు. రేకు కింద ఒక్క ఇసుక రేణువు పడితే చాలు, కురుపులా పైకి లేస్తుంది. వేలు తగిలితే పది రోజుల్లో ఆ వేలి గీతలన్నీ అచ్చు గుద్దినట్టు తేలతాయి.

నా పేరు కూర్మనాథం. పుట్టింది నిమ్మాడలో. ఇరవై ఒక్క ఏళ్ళు ఎయిర్‌ఫోర్సులో విమానాల ఒంటిమీద రేకులు విప్పడం, బిగించడం, అతుకులు వెయ్యడం నా పని. నేను చేరిన రోజుల్లో మిగ్ యుద్ధవిమానాలకు రంగుండేది కాదు. పెద్ద అధికారి చూడటానికి వస్తున్నాడంటే వాటిని తుడవలేక చచ్చేవాళ్ళం. నా చేతులకు పుట్టుకతోనే చెమట ఎక్కువ. నేను తుడిచిన చోట మర్నాటికి నా వేళ్ళ అచ్చులు కనబడేవి. మా పైవాడు అందరి ముందూ నన్ను పిలిచి, "ఇవి వేళ్ళా, నూనె గరిటెలా?" అనేవాడు. అందరూ పళ్ళికిలించేవాళ్ళు. ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు. నాకు పని రాదని ఎవరూ అనలేదు గానీ, నా పని బాగుందని కూడా ఒక్కడూ అనలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసిన వెధవ పనికి నా దగ్గరున్న సాకు ఇదొక్కటే.

తొంభై నాలుగులో రిటైరై కాశీబుగ్గలో ఇల్లు కట్టుకున్నాను. చుట్టూ జీడి బట్టీలు. జీడిపిక్కలు కాల్చే రోజుల్లో మా ఆవిడ సింహాచలమ్మ ఆరేసిన చీరలక్కూడా ఆ పొగ వాసనే. ఊరికే కూర్చోలేక బొమ్మలు చేసే అంకుడు కర్ర చెక్కి చిన్న చిన్న విమానాలు చెయ్యడం మొదలెట్టాను. అవి చూసి ఊళ్ళోవాళ్ళు, "ఎగురుతాదేటి మావా?" అని అడిగేవాళ్ళు. ఎగరదని చెప్తే జాలిగా చూసి పోయేవాళ్ళు.

రెండువేల మూడు వేసవిలో పాత స్నేహితుడొకడు ఉత్తరం రాశాడు. విశాఖపట్నంలో ఎవరో ప్రైవేటువాళ్ళు విమానాల ప్రదర్శనశాల పెడుతున్నారు, నమూనాలు చేసేవాళ్ళు కావాలి అని. ఆ పనులన్నీ చూసేది శ్యాంసుందర్ అనే రిటైర్డ్ వింగ్ కమాండర్. ఫోన్ చేస్తే సూటిగా చెప్పాడు.

"రంగు వేసినవి వందమంది చేసిస్తారండీ. నాకు పాత మిగ్ కావాలి, ఉత్త మెటల్‌తో. ఇరవయ్యో వంతు సైజు. నాకు నచ్చితే ఇక్కడ వర్క్‌షాప్ పెడతాం. చేసినవాళ్ళకి ఉద్యోగం."

చెక్కడం నాకు లెక్క కాదు. రెండున్నర అడుగుల మిగ్‌ని నెల రోజుల్లో చెక్కి, లక్క పట్టించి, నీటి గరుకు కాగితంతో అద్దంలా రుద్దాను. చిక్కంతా రేకు దగ్గర వచ్చింది. అసలు విమానం ఒంటిమీద ఎన్ని పలకలుంటాయో నమూనా మీద అన్ని ముక్కలు విడివిడిగా కోసి అంటించాలి. వంటింట్లో రొట్టెలు చుట్టే రేకు ఉంటుందే, అదే. ఊపిరి గట్టిగా వదిలితే ముడత పడుతుంది. ఎలాగో ఒక రెక్క పూర్తి చేసి బీరువా మీద పెట్టాను. పది రోజులకు తీసి చూస్తే రెక్క నిండా నా పది వేళ్ళూ ఉన్నాయి. గ్లవ్స్ తొడుక్కుని చేశాను. రేకు ఎక్కడ లేచిందో, ఎక్కడ అణిగిందో చేతికి తెలియలేదు, అంతా ముడతలే. మూడోసారి కూడా చెడ్డాక, రెక్క తీసుకెళ్ళి పెరట్లోకి విసిరికొట్టాను.

పెరటి గదిలో కుమారి అద్దెకుండేది. సంతబొమ్మాళి వైపు సముద్రపు ఒడ్డు పల్లె వాళ్ళది. మొగుడు వాసు ఎక్కడో దూరాన వేరావల్ చేపల బోట్ల మీద పనికి పోయి ఏడాదికోసారి మొహం చూపించేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. పొద్దున్న బట్టీలో పిక్కలు కొట్టేది, మధ్యాహ్నం నుంచి పప్పు పొట్టు తీసేది. ఆ రోజు పని లేక గుమ్మంలో కూర్చుని ఉంది. నేను విసిరిన రెక్క పోయి ఆమె కాళ్ళ దగ్గర పడింది.

"ఏటండి బాబూ, ఎండిలాటి రేకుని అలాగ ఇసిరీసినారు?"

"నీకేటి తెలుసు. ఎల్లి నీ పని సూసుకో."

ఆమె వినిపించుకోలేదు. రెక్కని ఎండకేసి తిప్పి చూసింది. "ఈ మచ్చలకేనేటి ఇంత కోపం? మీ ఏళ్ళే కదండి ఇవి."

"నా ఏళ్ళే. అదే నా కర్మ."

"నాకో ముక్క ఇయ్యండి, సూత్తాను."

కోపంలో ఉన్నాను కాబట్టి ఇచ్చాను. ఇదీ పాడుచేస్తే తిట్టడానికి ఒక మనిషి దొరుకుతుందని ఇచ్చాను, నిజం చెప్పొద్దూ. ఆమె జిగురు మీద రేకు వాల్చి, మధ్యలోంచి అంచుల వైపు బొటనవేలితో నెమ్మదిగా ఒత్తుకుంటూ పోయింది. పొట్టు తీసే చిన్న కత్తితో అంచు కోసింది. ఒక్క ముడత లేదు.

"పప్పు ఇరక్కుండా పొట్టు తీత్తాం కదండి. ఇది పొట్టు ఎక్కించడం, అంతే కదా," అంది.

పది రోజులు ఆగి చూశాను. మచ్చ లేదు. పదిహేను రోజులకీ లేదు. పిలిచి చేతులు చూపించమన్నాను. కాల్చిన పిక్క పగిలితే చమురు కారుతుంది, జీడి. ఎంత బూడిద రాసుకున్నా చర్మాన్ని తినేస్తుంది. పన్నెండేళ్ళ వయసు నుంచీ కొట్టి కొట్టి కుమారి వేళ్ళ కొసలు నున్నగా, నల్లగా అయిపోయాయి. గీత అనేది లేదు. చెమట పట్టదు. నాకు సంతోషం పట్టలేదు. ఆ పిల్ల వేళ్ళు చూసి సంతోషించినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆరు నెలలు కలిసి పని చేశాం. నేను గీత గీస్తే ఆమె అంటించేది. పాత గడియారం పళ్ళచక్రానికి పిడి బిగించి ఇస్తే, దాన్ని రేకు మీద దొర్లించి రివెట్ల వరసలు తెప్పించేది. అన్ని పలకలూ ఒకేలా మెరవకూడదని చెప్పాను. ముక్కు దగ్గర తెల్లగా, ఇంజను పక్కన మబ్బు పట్టినట్టు ఉండాలి, అది నాకు ఎలాగో చేతకావట్లేదన్నాను. కుమారి నన్ను వింతగా చూసింది.

"గుడ్లు ఉడకబెట్టిన గిన్ని లోపల నల్లబడతాది, సూడలేదేటండి? సింతపండు ఏసి మరిగిత్తే మళ్ళీ తెల్లబడతాది. అమ్మగారినడిగితే సెప్తురు."

వంటింట్లోంచి సింహాచలమ్మ నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచీ మా పొయ్యి మీద గుడ్లతో పాటు రేకులు ఉడికాయి. తోక దగ్గర మంట తగిలే చోట గోధుమరంగులో నీలం కలిసినట్టు ఉండాలంటే, రేకు ముక్కలు బట్టీకి పట్టుకెళ్ళి పొగలో ఆడించి తెచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు ఆ తోకలు తుడిచినవాణ్ణి నేను. తేడా కనిపెట్టలేకపోయాను.

అప్పటికే ఆమెకు దగ్గుండేది. పలాసలో డాక్టరు ఊపిరితిత్తులు చూసి, పొగ దగ్గరకు వెళ్ళొద్దు, వెళ్తే ఆయాసంలోకి దిగుతుందని గట్టిగా చెప్పాడు. బట్టీలో పనిచేసే మనిషికి పొగ దగ్గరకు వెళ్ళొద్దని చెప్తే ఆమె ఏం చేస్తుంది? నోటికి చీరకొంగు కట్టుకుని వెళ్ళేది. ఒకరోజు రేకు అంటిస్తూ దగ్గు తెర వచ్చి, పని పాడవకుండా దూరంగా పోయి గోడ పట్టుకుని నిలబడింది. చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఇది నచ్చితే ఉజ్జోగం ఇత్తారు కుమారీ. నిన్ను ఆ బట్టీ కాడ్నించి తప్పించే పూచీ నాది," అన్నాను.

"నిజంగానేటండి?"

"నాను అబద్దమాడతానేటి?"

సింహాచలమ్మ కూడా అక్కడే ఉంది. వింది.

జనవరిలో పలాస స్టేషన్‌లో పాసింజరు ఎక్కాం. మిగ్‌ని జీడిపప్పు అట్టపెట్టెలో దూది పరిచి పెట్టాం. విశాఖపట్నం దాకా కుమారి ఆ పెట్టెను ఒళ్ళోంచి దించలేదు. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. దారి పొడుగునా, ఆ సారు తెలుగులో మాట్లాడతాడా, ఇంగ్లీషులోనా, ఏమైనా అడిగితే తను నిలబడి చెప్పాలా, కూర్చుని చెప్పాలా అని అడుగుతూనే ఉంది.

ప్రదర్శనశాల ఆఫీసులో బంట్రోతు నన్నొక్కణ్ణే లోపలికి రమ్మన్నాడు. నేను మొదట మాట్లాడి పిలుస్తానని కుమారిని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, పెట్టె తీసుకుని వెళ్ళాను. శ్యాంసుందర్ విమానాన్ని బల్ల మీద పెట్టించి, కిటికీ తెర తీయించి, భూతద్దం తీశాడు. ముక్కు నుంచి తోక దాకా పావుగంట చూశాడు. తోక దగ్గర ఆగి వాసన కూడా చూశాడు. తర్వాత భూతద్దం పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఒక్క వేలిముద్ర లేదు," అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఈ విమానాల మధ్య బతికాను. ఇలాంటి పని ఎక్కడా చూడలేదు. ఈ రేకు అంటించిన చేతులకి దణ్ణం పెట్టాలి. ఎవరివి ఆ చేతులు?"

పేరు నాలుక చివరే ఉంది. కుమారి అంటే మూడక్షరాలు. కానీ ఆ మాట కోసం నేను ఇరవై ఒక్క ఏళ్ళు ఎదురు చూశానండీ. నూనె గరిటెలని నవ్వినవాళ్ళంతా ఆ క్షణాన నా చుట్టూ నిలబడి వింటున్నట్టనిపించింది. దాన్ని తీసి ఇంకొకరి చేతిలో పెట్టబుద్ధి కాలేదు.

"నావే సార్," అన్నాను.

ఆయన లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నా చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. ఆయన పట్టించుకోలేదు. ఉద్యోగం మీదే అన్నాడు, నమూనా కింద పలక మీద మీ పేరే చెక్కిస్తానన్నాడు. తర్వాత కుమారి సంగతి మెల్లగా చెప్పొచ్చు, నా సహాయకురాలిగా పెట్టించొచ్చు అని మనసులో సర్దిచెప్పుకున్నాను. "సార్, సాయానికి ఒక మనిషి..." అని మొదలెడితే, "ఒక్కరికే శాంక్షన్ అయింది కూర్మనాథం. మీలాంటి చేతులకి సాయం ఎందుకు?" అన్నాడు. నమస్కారం పెట్టి లేచాను.

బయటికొస్తే కుమారి బల్ల మీద అలాగే కూర్చుని ఉంది. గది తలుపు ఒక రెక్క తెరిచే ఉందని నాకప్పుడు తట్టలేదు.

"ఏటన్నారండి?"

"ఎయిర్‌ఫోర్సులో పనిసేసినోళ్ళనే తీసుకుంటారంట. బయటోళ్ళకి రూలు ఒప్పుకోదంట."

"అలాగాండి," అంది. రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాటాక ఒకసారి దగ్గింది.

మర్నాడు తెల్లారకముందే చీరకొంగు నోటికి కట్టుకుని బట్టీకి పోయింది. నేను విశాఖపట్నంలో ఉద్యోగానికి పోయాను. వారానికోసారి ఇంటికొచ్చేవాణ్ణి. నమూనాకి అద్దాల పెట్టె కట్టించారు. దానికింద ఇత్తడి పలక మీద నా పేరు. చూడటానికి వచ్చినవాళ్ళు ఆ పలక చదివి నన్ను వెతుక్కుంటూ వచ్చి చేతులు కలిపేవాళ్ళు. బాగుండేది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, మొదటి రెండు నెలలూ చాలా బాగుండేది.

తర్వాత రెండో మిగ్ చెయ్యమన్నారు, రెట్టింపు సైజులో. ఆ ఆదివారం ఇంటికొచ్చి కుమారి గది ముందు నిలబడ్డాను. ఎంత కావాలంటే అంత ఇస్తాను, రేకులు నువ్వే అంటించు, నేను పట్టుకెళ్తాను అన్నాను. ఆమె చేటలో పప్పు పొట్టు తీస్తోంది. తలెత్తలేదు.

"నాను సెయ్యనండి."

"ఏమి? డబ్బు సాలదా?"

"డబ్బు కాదండి. ఆ గది బయట ఇంకోపాలి కూకోలేను. తలుపు తీసే ఉన్నాది కదండి ఆ రోజు. అంతా ఇనబడింది."

వెనక్కి తిరిగితే సింహాచలమ్మ నీళ్ళ బిందెతో నిలబడి ఉంది. ఆవిడ నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అని ఎరగదు.

"ఎవుడో మిమ్మల్ని మెచ్చుకోలేదనీసి ఈ పిల్ల నోటికాడ కూడు నాగీసినారా? సీ," అంది. ఆ తర్వాత ఆవిడ నాకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

రెండో మిగ్ నేనే చేశాను. అరచేతులకు పౌడరు రాసుకున్నాను, స్పిరిట్ రాసుకున్నాను. ఏం లాభం లేదు. తోక రేకులు పొగ పట్టించడానికి బట్టీకి పోయాను. పొగ పట్టాక బూడిదతో తుడిచి జీడి వదలగొట్టాలని ఎవరు చెప్తారు? కుమారి చేసినప్పుడు నేనడగలేదు. తోక జిగటగా నల్లబడింది, నా చేతులు బొబ్బలెక్కి పదిహేను రోజులు అన్నం చెంచాతో తిన్నాను. వానలు మొదలయ్యేసరికి కొత్త మిగ్ రెక్కల మీద నా వేళ్ళన్నీ తేలాయి. ఇక తప్పించుకునే దారి లేదు. దారి లేక చెప్పానే గాని, మంచితనం పొంగుకొచ్చి చెప్పానని ఎవరూ అనుకోవద్దు.

"సార్, మొదటిదానికి రేకు అంటించింది నేను కాదు. మా ఇంట్లో అద్దెకుండే కుమారి అనే అమ్మాయి. జీడి బట్టీలో పనిచేస్తుంది. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

శ్యాంసుందర్ కొత్త మిగ్ రెక్క మీద నా వేళ్ళ అచ్చులు ఇంకోసారి చూశాడు. "సరే. సోమవారం ఆమెను తీసుకురండి. నా ఎదురుగా ఒక్క రెక్కకి రేకు అంటించమనండి. నిజమైతే పలక మీద పేరు మారుస్తాను. ఉద్యోగం ఆమెకే ఇస్తాను," అన్నాడు.

రైల్లో కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర నిలబడే పలాస వచ్చాను. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుమారి గది ముందుకు పోయి అంతా చెప్పాను. ఆమె లోపల మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. నెల రోజులుగా పనికి పోవట్లేదట. ఆయాసం. ఈ సంగతి నాకు చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు? విన్నాక ఆమె నన్ను తిట్టలేదు. కాసేపు ఏడ్చింది, తర్వాత మొహం తుడుచుకుంది.

"నిజంగా సెప్పినారేటండి?"

"సెప్పినాను. సోమారం రమ్మన్నారు."

"అయితే ఓ రేకు ఇయ్యండి. సెయ్యి మర్సిపోనాదేమో, సూసుకుంటాను."

పరుగెత్తి బల్ల, జిగురు, రేకు తెచ్చాను. సింహాచలమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. కుమారి రేకు ఎత్తింది. గాలి లేదు, ఫ్యాను లేదు, రేకు గలగలలాడింది. చూస్తే ఆమె చేతులు వణుకుతున్నాయి. వాల్చబోతే అంచు ముడుచుకుపోయింది. రెండోది తీసింది, చిరిగింది. మూడోదానికి మోచేతులు రెండూ బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టింది. ఊపిరి బిగబట్టగానే దగ్గొచ్చింది.

"ఆయాసం మాత్రలండి. ఏసుకుంటే సేతులు ఇలాగే ఒణుకుతాయి. డాక్టరు ముందే సెప్పినాడు," అంది. "మానీసి సూసినానండి. రెండు రోజులకి ఊపిరాడలేదు."

"ఒక్క పూట మానీ. సోమారం ఒక్క పూట," అన్నాను. అన్నాక నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది.

సింహాచలమ్మ వచ్చి కుమారి చేతిలోంచి రేకు తీసుకుని, ఉండ చేసి పారేసింది.

సోమవారం నేనొక్కణ్ణే వెళ్ళాను. శ్యాంసుందర్ నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. కుమారి మందు చీటీ ఆయన ముందు పెట్టి, మాత్రల వల్ల ఆమె చేతులు వణుకుతున్నాయని, పోయిన జనవరిలోనే నేను నిజం చెప్పి ఉంటే ఆమె బట్టీ మానేసేదని, ఈ జబ్బు ఇంతదాకా వచ్చేది కాదని అన్నాను. పలక మీద పేరైనా మార్చమన్నాను.

ఆయన చీటీ చదివి మడిచి నా జేబులో పెట్టాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"నిలకడగా రేకు పట్టుకోలేని మనిషి ఆ పని చేసిందంటే ఎవరు నమ్ముతారు కూర్మనాథం? మీకు వయసు మీద పడింది, రెండోది కుదరలేదు. అందులో తప్పేం లేదు. ఇంట్లో జబ్బుపడ్డ అమ్మాయికి ఏదో ఒక ఆధారం చూపించాలని మీ పేరు కూడా వదులుకుంటున్నారు చూశారా, అలాంటి మనసు ఎంతమందికి ఉంటుంది? కానీ నాతో అబద్ధం ఆడకండి. ఆ పలక మీద మీ పేరే ఉంటుంది."

నేను ఒట్టు వేశాను. సింహాచలమ్మ మీద వేశాను. ఆయన బంట్రోతుని పిలిచి నాకు టీ ఇప్పించాడు.

సాయంత్రానికి కాశీబుగ్గ చేరాను. కుమారి వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ఆయన ఏమన్నాడని అడిగింది. నేను చెప్పింది, ఆయన నమ్మనిది, ఒక్క ముక్క మార్చకుండా చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసి, "ఈపాలి కూడా నా పేరు సెప్పనేదన్నమాట," అంది.